కడప రైతు: బోరుకు డ్రిప్ వచ్చింది.. చేనుకు డ్రోన్ వచ్చింది.. మరి గాలివానకు మందేది?

ఒకే జిల్లా. ఒకదాని నుంచి ఇంకోదానికి గంట, గంటన్నరలో చేరగలిగే మూడు ఊర్లు. పులివెందులలో రైతు భయం ఏప్రిల్ నెల సాయంత్రం గాలి. జమ్మలమడుగులో రైతు భయం నవంబర్ తుఫాన్ వాన. ప్రొద్దుటూరులో వరి కోతకొచ్చిన వారం రోజులు మొగులు పట్టకుండా ఉంటే చాలు అంటారు. కరువు సీమ అని పేరు పడిన చోట ఇప్పుడు రైతును ముంచుతున్నది నీళ్లు లేకపోవడం ఒక్కటే కాదు. రాకూడని టైంలో వచ్చే వాన, గాలి, ఎండ కూడా.

దీనికి రైతులు ఏం చేస్తున్నారు? డ్రిప్పులు, డ్రోన్లు, మొబైల్ యాప్‌లు, కొత్త విత్తనాలు నిజంగా ఎంతవరకు పనికొస్తున్నాయి? ఎక్కడ పనికిరావడం లేదు? వివరంగా చూద్దాం.

అసలు ఇక్కడే ఎందుకిలా?

నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీద నుంచి వస్తాయి. పశ్చిమ కనుమలు దాటే లోపే ఆ మేఘాలు చాలా వరకు ఖాళీ అయిపోతాయి. కనుమలకు ఇవతల ఉన్న రాయలసీమకు మిగిలింది చిలకరింపే. దీన్నే వర్షచ్ఛాయ ప్రాంతం అంటారు. కడప జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన 700 మిల్లీమీటర్ల అటూఇటు. అందులో పెద్ద భాగం బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు, తుఫాన్ల మీద ఆధారపడింది. అంటే తుఫాన్ రాకపోతే కరువు. వస్తే ఏడాది వాన రెండు మూడు రోజుల్లో పడి పంట పోవడం. మధ్యస్తంగా కురిసిన ఏడాదిని ఇక్కడ జనం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుని చెప్పుకుంటారు.

2021 నవంబర్‌లో అదే జరిగింది. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊర్లకు ఊర్లు కొట్టుకుపోయాయి. ఆ విషాదం దేశమంతా చూసింది. అదే వానకు పెన్నా పొంగి జమ్మలమడుగు దగ్గర వంతెన కుంగింది. కమలాపురం దగ్గర పాపాగ్ని వంతెన కూలింది. అంతకు ముందు ఏడాది 2020 నవంబర్‌లో నివర్ తుఫాన్. వరుసగా రెండేళ్లు, అదే నెలలో. శనగ విత్తి మొలక కోసం చూసే నెల అది. వరి కోతకు వచ్చే నెల కూడా.

పులివెందుల: నీళ్లు గెలిచారు, గాలికి ఓడుతున్నారు

పులివెందుల, లింగాల, వేముల, వేంపల్లె, సింహాద్రిపురం. ఒకప్పుడు ఈ మండలాలంటే శెనక్కాయలు, మెట్ట సేద్యం. ఇప్పుడు అరటి, చీనీ. ఈ మార్పు వెనక రెండు కారణాలున్నాయి.

ఒకటి నీళ్లు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, గాలేరు-నగరి కాలువ మీదుగా గండికోటకు, అక్కడి నుంచి ఎత్తిపోతలతో చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌కు, పైడిపాలెం రిజర్వాయర్‌కు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. గండికోట సామర్థ్యం 26.85 టీఎంసీలు, చిత్రావతి రిజర్వాయర్‌ది 10, పైడిపాలెంది 6. ఈ నీళ్లు నేరుగా ప్రతి చేనుకూ అందుతున్నాయని కాదు. కానీ చెరువులు, రిజర్వాయర్లు నిండితే చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పైకి వస్తాయి. వెయ్యి అడుగులు దించినా తడి తగలని రోజులు చూసిన రైతుకు దాని విలువ తెలుసు.

రెండోది డ్రిప్. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు మొదలైంది. చిన్న, సన్నకారు రైతులకు 90 శాతం దాకా సబ్సిడీ ఉండటంతో సీమలో అది ఊరూరికీ పాకింది. అరటినే తీసుకోండి. ఆరడుగులకు ఒక మొక్క చొప్పున నాటితే ఎకరానికి 1,210 మొక్కలు పడతాయి. నడి ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 20 లీటర్లు అనుకున్నా ఎకరానికి 24 వేల లీటర్లు. బోరు నీళ్లు కాలువలో పారించి ఇంత అందించాలంటే సగం దారిలోనే ఇంకిపోతాయి. డ్రిప్‌లో నేరుగా వేరు దగ్గర పడతాయి. ఎరువు కూడా నీళ్లలో కలిపే వెంచురీ ద్వారా వెళ్తుంది. కూలీ మిగులుతుంది, కలుపు తగ్గుతుంది. టిష్యూకల్చర్ జీ-9 రకం అరటి ఇక్కడ ఇంతగా నిలబడింది అంటే డ్రిప్ వల్లే.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు తిరకాసు ఇక్కడే.

డ్రిప్, టిష్యూకల్చర్ మొక్కలు, నీళ్లలో కరిగే ఎరువులు.. ఇవన్నీ డబ్బులే. ఎకరం అరటికి పెట్టుబడి లక్ష రూపాయలు దాటుతుంది. మెట్టలో శెనక్కాయలు వేసి పోగొట్టుకుంటే పోయేది కొన్ని వేలు. అరటి గెల వేశాక పోతే పోయేది ఏడాది మొత్తం. టెక్నాలజీ దిగుబడి పెంచింది, దాంతోపాటు ఒక్క రాత్రిలో పోయే మొత్తాన్ని కూడా పెంచింది. ఈ రెండో మాట సబ్సిడీ పాంప్లెట్లలో ఉండదు.

2025 మార్చి మూడో వారం చివర్లో ఒక రాత్రి లింగాల మండలంలో, చుట్టుపక్కల గాలివాన, వడగళ్లు పడ్డాయి. తెల్లారేసరికి గెలలతో ఉన్న అరటి తోటలు నేలమట్టం. కొన్ని రోజుల్లో కోసి లారీకి ఎత్తాల్సిన పంట అది. ఆ వెంటనే మాజీ సీఎం జగన్ వచ్చి రైతులను పరామర్శించారు, దాని మీద రాజకీయం కూడా నడిచింది. ఆ మాటకొస్తే ఈ ప్రాంతంలో ఏ రెండు మూడేళ్లకోసారి ఇలాంటి వార్త రాయాల్సి వస్తూనే ఉంది. తేదీ, ఊరి పేరు మారుతుంది అంతే.

ఎందుకు ఎప్పుడూ మార్చి-మే మధ్యే? మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన నేల మీద గాలి వేడెక్కి పైకి లేస్తుంది. బంగాళాఖాతం వైపు నుంచి తేమ తోడైతే సాయంత్రానికి నిలువుగా పెరిగే క్యుములోనింబస్ మేఘాలు తయారవుతాయి. ఆ మేఘంలో వాన చినుకులు, వడగళ్లు కిందికి పడుతూ చల్లటి గాలిని తమతో పాటు లాక్కొస్తాయి. ఆ గాలి నేలను తాకి నలువైపులా విసురుగా చిమ్ముతుంది. అందుకే వాన పడటానికి పది నిమిషాల ముందు ఆ ఈదురుగాలి వస్తుంది. అరటికి మాను ఉండదు. మనం కాండం అనుకునేది ఆకు మట్టలు ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న దొంతర. నెత్తి మీద పాతిక కిలోల గెల పెట్టుకుని ఆ గాలికి నిలబడటం దానికి అసాధ్యం.

మరి రైతులు ఏం చేస్తున్నారు? మొదటిది, నాటే టైం మార్చడం. జీ-9 నాటిన 11, 12 నెలలకు కోతకు వస్తుంది. గెల బరువెక్కే దశ ఏప్రిల్, మే నెలల్లో పడకుండా లెక్క వేసుకుని నాటుతున్నవారు ఉన్నారు. అయితే అందరూ అలా చేస్తే అందరి గెలలూ ఒకేసారి మార్కెట్‌కొస్తాయి, ధర పడిపోతుంది. కాబట్టి రైతు గాలికి భయపడాలా, ధరకు భయపడాలా అనేది లాటరీయే. ఉన్న తోటను రెండు మూడు దఫాలుగా, నెలన్నర రెండు నెలల తేడాతో నాటుకుంటే ఒక్క గాలికి మొత్తం పోదు. కాస్త భూమి ఉన్నవాళ్లకు ఇది మంచి దారి. ఎకరం, ఎకరన్నర రైతుకు కుదరదు.

రెండోది గట్టు చుట్టూ గాలికి అడ్డంగా అవిశ, సరుగుడు లాంటి చెట్లు పెంచడం. ఇది పాత పద్ధతే. పనిచేస్తుంది కూడా. గాలిని పూర్తిగా ఆపదు, దాని విసురు తగ్గిస్తుంది. కానీ గట్టు చెట్ల నీడ, వేర్లు పక్క చేను మీదికి పోతాయని పంచాయితీలు అవుతాయి. అందుకే చాలామంది వదిలేశారు. మూడోది గెల వేసిన చెట్లకు వెదురు బొంగు ఊతం ఇవ్వడం లేదా ఒక చెట్టును ఇంకోదానికి ప్లాస్టిక్ తాడుతో కట్టడం. బొంగులకు ఖర్చు ఎక్కువ. తాళ్లు చౌక, మామూలు గాలికి కాపాడతాయి. వడగళ్లతో వచ్చే గాలికి ఏదీ ఆగదు, ఆ విషయం ముందే చెప్పుకోవాలి.

ఎండ సంగతి వేరే. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఎండాకాలంలో ఇచ్చే ఉష్ణోగ్రతల లిస్టులో సింహాద్రిపురం లాంటి మండలాల పేర్లు పైవరసలో కనిపిస్తుంటాయి. కొత్తగా నాటిన అరటికి పడమటి వైపు జనుము చల్లి నీడ కల్పించడం, డ్రిప్ పైపుల మీద మల్చింగ్ షీటు లేదా చెత్త పరవడం, మధ్యాహ్నం కాకుండా తెల్లవారుజామున నీళ్లివ్వడం ఇక్కడ అలవాటైపోయాయి.

చీనీకి ఇంకో కథ. చీనీ చెట్టు పూత రావాలంటే కొన్ని వారాలు నీళ్లు ఆపి బెట్టకు ఇవ్వాలి. ఆకు వాడాక నీళ్లు వదిలితే ఒక్కసారిగా పూత దిగుతుంది. ఈ బెట్ట నడుస్తుండగా ఒక్క అకాల వాన పడితే పని చెడుతుంది. పూత కొంచెం ఇప్పుడు, కొంచెం తర్వాత వస్తుంది, కాయ సైజు సమంగా రాదు, కోత రెండు మూడు విడతలు అవుతుంది. కరువు సీమలో వాన పడినందుకు రైతు బాధపడటం బయటివాళ్లకు వింతగా ఉంటుంది.

జమ్మలమడుగు: అదును చూసి విత్తితే..

జమ్మలమడుగు, మైలవరం, పెద్దముడియం వైపు నల్లరేగడి నేలలు. ఇక్కడ పంట పప్పుశనగ. దీనికి వాన కంటే నేలలో దాగిన పదునే ముఖ్యం. హస్త, చిత్త కార్తెల్లో వానలు పడి భూమి నిండితే, స్వాతి దాకా విత్తుతారు. ఆ పదును మీదే 90, 100 రోజుల్లో పంట చేతికొస్తుంది. విత్తాక ఒక్క చినుకు పడకపోయినా పండే పంట ఇది. విత్తగానే పడితేనే చిక్కు. రేగడిలో నీళ్లు దిగవు. నిలిచిన నీళ్లలో గింజ కుళ్లిపోతుంది, మొలకకు ఎండుతెగులు పడుతుంది. 2021 నవంబర్‌లో ఈ ప్రాంతంలో విత్తిన శనగ అలాగే పోయింది. మళ్లీ విత్తుకోవడానికి ప్రభుత్వం 80 శాతం సబ్సిడీతో విత్తనాలు ప్రకటించింది. విత్తనం దొరికినా, నేల ఆరి గొర్రు దిగేసరికి అదును దాటితే గింజ పట్టే దశలో ఎండ తగిలి దిగుబడి పడిపోతుంది.

ఇక్కడ నిజంగా పనికొచ్చిన టెక్నాలజీ గురించి చెప్పాలంటే ముందు విత్తనం గురించి చెప్పాలి. చాన్నాళ్లు ఈ నేలల్లో రాజ్యమేలింది జేజీ-11. తక్కువ రోజుల్లో వస్తుంది, ఎండుతెగులును కొంత తట్టుకుంటుంది. కానీ చెట్టు పొట్టిగా, గుబురుగా ఉంటుంది. కాయలు నేలకు దగ్గరగా కాస్తాయి. మిషన్ పెడితే సగం కాయ చేనులోనే. అందుకని కూలీలతో కోయించాలి. ఫిబ్రవరిలో అందరి చేలూ ఒకేసారి కోతకొస్తే కూలీలు దొరకరు. కోసి కుప్ప వేశాక మబ్బు పడితే రాత్రంతా నిద్ర ఉండదు. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ-47 రకం దీనికోసమే తయారైంది. చెట్టు నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది, కాయ పైన ఉంటుంది. కంబైన్ హార్వెస్టర్‌తో కోసేయొచ్చు. రోజుల పని గంటల్లో అయిపోతుంది. వాతావరణంతో పోటీలో ఇది చిన్న విషయం కాదు. పంట కోతకొచ్చిన తర్వాత చేనులో ఉండే ఒక్కో రోజూ ఒక్కో రిస్కే.

దుక్కి పద్ధతి మార్చినవాళ్లూ ఉన్నారు. చదునుగా విత్తకుండా వెడల్పు బోదెలు, మధ్యలో కాలువలు వేసి విత్తితే ఎక్కువ వాన పడినా నీళ్లు బయటికి పోతాయి, తక్కువ పడితే కాలువలో ఇంకి పదును నిలుస్తుంది. ట్రాక్టర్‌కు తగిలించే పరికరం కావాలి. ఊర్లో ఒకరి దగ్గరుంటే మిగతావాళ్లు బాడుగకు తీసుకుంటారు. ఇంత సులువైనది ఇంకా ఎక్కువ చేలల్లో కనిపించాల్సింది.

ఇక డ్రోన్. రేగడి నేల తడిస్తే మనిషి కాలు పెట్టలేడు, అడుగుకో బురద ముద్ద. అదే టైంలో శనగపచ్చ పురుగు దిగుతుంది. చేనులోకి పోయి మందు కొట్టాలంటే వారం ఆగాలి, పురుగు ఆగదు. డ్రోన్‌కు బురదతో పనిలేదు. పది లీటర్ల ట్యాంకు డ్రోన్ పది నిమిషాల లోపు ఎకరం కొట్టేస్తుంది. చేతి పంపుతో ఎకరానికి 150, 200 లీటర్ల నీళ్లు మోయాల్సిన చోట దీనికి పది లీటర్లు చాలు. మందు మనిషి మీద పడదు. కానీ గాలి ఎక్కువగా ఉన్నప్పుడు కొడితే మందు పక్క చేను మీదికి పోతుంది. నడిపేవాళ్లకు డీజీసీఏ గుర్తింపు ఉన్న శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. గుంటూరు లాంలో వ్యవసాయ యూనివర్సిటీ ఈ శిక్షణ ఇస్తోంది. మహిళా సంఘాలకు 80 శాతం సబ్సిడీతో డ్రోన్లు ఇచ్చే నమో డ్రోన్ దీదీ పథకం కేంద్రం 2023లో తెచ్చింది. సొంతంగా కొనడం మామూలు రైతు పని కాదు, అవసరం కూడా లేదు. ట్రాక్టర్ లాగే బాడుగకు పిలిపించుకుంటే సరి.

ప్రొద్దుటూరు: కాలువ ఉంది కదా అంటే..

ప్రొద్దుటూరు అంటే బయటివాళ్లకు బంగారం దుకాణాలు గుర్తొస్తాయి. చుట్టూ మాత్రం కేసీ కాలువ, మైలవరం కాలువ కింద వరి కయ్యలు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ కాలువకు కడప జిల్లా చివరి భాగం. పైన నీళ్లు ఆలస్యమైతే ఇక్కడ నాట్లు ఆలస్యం. నాట్లు ఆలస్యమైతే కోత తుఫాన్ల నెలల్లోకి జరుగుతుంది. లెక్క అంత సింపుల్.

అందుకే నారు పోసి నాటడం మాని నేరుగా విత్తనం వెదజల్లే పద్ధతికి కొందరు మారుతున్నారు. వారం, పది రోజులు ముందే పంట వస్తుంది. గాలికి పడిపోయే బీపీటీ-5204 బదులు నంద్యాల నుంచి వచ్చిన ఎన్‌డీఎల్‌ఆర్ రకాలు వేసేవారూ ఉన్నారు. పడిపోయిన వరిని, తడి కయ్యలో టైర్ల మిషన్ దిగలేదు. చైన్ మిషన్ పిలవాలి, దాని బాడుగ గంటకు ఎక్కువ, పడిన పైరు కోయడానికి గంటలూ ఎక్కువ. వాన నష్టం అంటే పోయిన వడ్లే అనుకుంటాం గానీ, మిగిలిన వడ్లను ఇంటికి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు కూడా నష్టమే.

ఫోన్‌లో వాన కబురు

వాతావరణ శాఖ ప్రతి మంగళ, శుక్రవారాల్లో వచ్చే ఐదు రోజులకు వ్యవసాయ సలహాలు ఇస్తుంది. మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే చూడొచ్చు. పిడుగుల కోసం దామిని యాప్ ఉంది. మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగు పడే ప్రమాదాన్ని చూపిస్తుంది. ఇది ప్రాణాలు కాపాడే యాప్, ఫోన్‌లో ఉంచుకోండి.

ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. తుఫాన్ కబురు నాలుగైదు రోజుల ముందు నమ్మకంగా తెలుస్తుంది. కాబట్టి శనగ విత్తడం ఆపుకోవడానికి, వరి కోత ముందుకు జరపడానికి అది పనికొస్తుంది. పులివెందుల అరటిని కూల్చే ఈదురుగాలి అలా కాదు. ఫలానా ఊరి మీద విరుచుకుపడుతుందని రెండు మూడు గంటల ముందే చెప్పగలరు. మూడు గంటల్లో రైతు గెలలు కోసేయలేడు. మనుషులు, గొడ్లు జాగ్రత్త పడటానికి మాత్రం ఆ టైం చాలు.

ఇదే పులివెందులలో ఇంకో ప్రయత్నం కూడా నడుస్తోంది. ప్రకృతి వ్యవసాయం మీద జర్మనీ సహకారంతో రైతు సాధికార సంస్థ పెట్టిన పరిశోధన అకాడమీ ఇక్కడే ఉంది. వాళ్లు చెప్పే వాటిలో మెట్ట రైతుకు దగ్గరగా ఉన్నది తొలకరికి ముందే పొడి నేలలో విత్తడం. ఇరవై, ముప్పై రకాల విత్తనాలకు బంకమట్టి, పేడ, బూడిద పట్టించి ఎండాకాలంలోనే చల్లేస్తారు. మంచు తడికి, చిన్న జల్లుకు అవి మొలిచి నేలను కప్పుతాయి. నేల వేడి తగ్గుతుంది, తర్వాత పడే వాన పారిపోకుండా ఇంకుతుంది. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

పంట పోయాక.. ఈ పేపర్లు లేకపోతే ఏమీ రాదు

ఇది కాస్త నెమ్మదిగా చదవండి. కేంద్రం 2022-26కు పెట్టిన విపత్తు సాయం లెక్క ప్రకారం 33 శాతం, ఆపైన నష్టపోతే మెట్ట పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000 రూపాయలు. అది కూడా రెండు హెక్టార్ల వరకే. ఎకరానికి లెక్కేస్తే తడి పంటకు దాదాపు 6,900. లక్ష దాటి పెట్టుబడి పెట్టిన అరటి తోటకు ఇది ఏ మూలకు? రాష్ట్ర ప్రభుత్వం పంటను బట్టి దానికి పైన కలిపి ఇస్తుంటుంది గానీ పెట్టుబడికి దగ్గరగా కూడా రాదు.

మిగిలింది బీమా. రాష్ట్రంలో కొన్నేళ్లు ఉచితంగా నడిచింది, ఇప్పుడు రైతు వాటా కట్టాలి. ఫసల్ బీమాలో ఖరీఫ్ పంటలకు 2, రబీకి 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం దాకా ప్రీమియం. మీ మండలంలో మీ పంట నోటిఫై అయిందో లేదో రైతు సేవా కేంద్రంలో ముందే అడగాలి. వడగళ్లు, ముంపు లాంటివి మీ చేనుకే జరిగితే 72 గంటల్లోగా చెప్పాలి, టోల్‌ఫ్రీ నంబర్ 14447. మూడు రోజులు దాటితే నోటిమాటకు విలువ లేదు. పడిపోయిన పంటను తొలగించే ముందు ఫొటోలు తీసి పెట్టుకోండి. కోసి చేనులో ఆరబెట్టిన పంటకు కూడా, నోటిఫికేషన్‌లో ఉంటే, కోసిన 14 రోజుల వరకు రక్షణ ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

సాయమైనా, బీమా అయినా ముందు ఈ-క్రాప్‌లో పంట నమోదు కావాలి. అక్కడే గుత్తకు చేసుకునే రైతు ఆగిపోతున్నాడు. కౌలు కార్డు కావాలంటే భూ యజమాని ఒప్పుకోవాలి. కార్డు గడువు 11 నెలలే, ప్రతి ఏడూ మళ్లీ తిరగాలి. పేరు ఎక్కడో రికార్డుల్లోకి పోతుందని యజమాని భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వరేమోనని గుత్తదారు భయం. డ్రిప్ సబ్సిడీ కూడా భూమి పాస్‌బుక్ ఉన్నవారికే సులువు. అలా పెట్టుబడి పెట్టేది ఒకరు, గాలికి పోగొట్టుకునేది ఒకరు, నష్టం డబ్బులు పడే ఖాతా ఇంకొకరిది అవుతోంది.

కౌలు కార్డుకు గ్రామ రెవెన్యూ అధికారి దగ్గర దరఖాస్తు చేయాలి. పంట వేశాక కాదు, ఖరీఫ్ మొదలయ్యే ముందే అడగండి. ఈ-క్రాప్ చేశాక వేలిముద్ర వేసి రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు. అందులో సర్వే నంబర్, పంట పేరు, ఎకరాలు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చదువుకోండి. చీనీ తోటలో అంతరపంట వేస్తే దాన్ని కూడా రాయించండి.